ప్లస్ టూ చూసి మురిసిపోకండి: ఆటలో రక్షణ మంత్రం బలం లెక్కేసుకోవడం ఎలా

"ఏసీ పద్దెనిమిది చెయ్యి గురూ, పద్దెనిమిది!" అని మా గాజువాక ఫ్రెండ్ అరిచాడు. వంటింట్లోంచి మా అమ్మ, "ఇరవై ఆరు చాలు బాబూ, మొన్న వచ్చిన కరెంటు బిల్లు చూశారా" అంది. మే నెల, విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు, టేబుల్ మీద డంజియన్స్ అండ్ డ్రాగన్స్, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని పాచికలేసి ఆడే కథల ఆట. ఈ ఏసీ ఆర్మర్ క్లాస్, అంటే మనకి దెబ్బ తగలాలంటే శత్రువు చేరుకోవాల్సిన అంకె, అని అమ్మకి చెప్పేలోపే మా బావ (ఆయనే మా డీఎం, అంటే కథ నడిపి రాక్షసుల్ని ఆడించేవాడు) రెండు ఓగర్లని, గదలు పట్టిన భారీ రాక్షసుల్ని, గుహలోంచి బయటికి తోలేశాడు. నేను క్లెరిక్‌ని, దేవుడి పేరుతో మంత్రాలు వేసే పాత్ర. షీల్డ్ ఆఫ్ ఫెయిత్ అని మొదటి లెవెల్ మంత్రం ఒకటుంది, ఎవరి మీద వేస్తే వాళ్ల ఏసీ 2 పెరుగుతుంది. ఫ్రెండ్ ఫైటర్, ఒంటి మీద గొలుసు కవచం, ఏసీ 16. మంత్రం వేశాను, 18 అయింది, చప్పట్లు కూడా కొట్టారు. ఓగర్లు రెండూ వాణ్ని వదిలేసి పక్కనున్న మా చెల్లి మీద పడ్డాయి. అది విజార్డ్, అంటే మాంత్రికురాలు, ఏసీ 12. రెండో రౌండుకే పడిపోయింది.

ఆ రాత్రి నా మంత్రం ఆపిన దెబ్బలు సున్నా. "నీ స్లాట్ దేవుడికి దక్షిణ ఇచ్చావనుకో అన్నయ్యా" అని చెల్లి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. (స్లాట్ అంటే మంత్రం వేసిన ప్రతిసారీ ఒకటి ఖర్చయ్యే, రోజుకి ఇన్నే అని ఉండే వాటా.) అప్పట్నుంచి ఏ రక్షణ మంత్రం చూసినా, ఏ తాయత్తు దొరికినా, దాని మీద రాసున్న అంకెని పక్కన పెట్టి నేను ఒకటే అడుగుతాను: ఇది రేపటి పోరాటంలో నిజంగా ఎన్ని దెబ్బలు ఆపుతుంది? దానికి కావాల్సిన లెక్క అయిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

కింద చెప్పేవన్నీ అయిదో ఎడిషన్, 2014 రూల్స్ ప్రకారం. 2024లో కొన్ని అంకెలు మారాయి గానీ లెక్కేసే పద్ధతి అదే. ఇంకా పుస్తకాలు కొనని వాళ్లకి ప్రాథమిక రూల్స్ 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇంగ్లిషులో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటితో మొదలుపెట్టొచ్చు.

పాచిక ముఖాలు లెక్కపెట్టండి

దాడి చేసేవాడు 20 ముఖాల పాచిక వేసి తన బోనస్ కలుపుతాడు, అది మీ ఏసీకి సమానమైనా దాటినా దెబ్బ తగిలినట్టే. 1 పడితే ఎప్పుడూ తప్పుతుంది, 20 పడితే ఎప్పుడూ తగులుతుంది. ఒక్కో ముఖం 5 శాతం. ఏసీకి ప్లస్ టూ అంటే శత్రువు దగ్గర్నుంచి రెండు ముఖాలు లాక్కున్నామన్నమాట, ఇంకేమీ లేదు.

ఓగర్‌నే చూద్దాం. దాడి బోనస్ +6, గద దెబ్బ సగటున 13. ఏసీ 16 ఉన్నవాణ్ని కొట్టాలంటే పాచిక మీద 10 పడితే చాలు, అంటే 10 నుంచి 20 దాకా 11 ముఖాలు ఓగర్‌వి. ఏసీ 18 చేస్తే 12 పడాలి, 9 ముఖాలు. తగ్గింది రెండు ముఖాలు, అంటే పదో వంతు, 13లో పదో వంతు 1.3. నా మంత్రం ఒక్కో దాడికి మిగిల్చేది 1.3 హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణం అంకె, సున్నా అయితే పడిపోతుంది). (20 పడితే వచ్చే పెద్ద దెబ్బల్ని, అంటే క్రిటికల్ దెబ్బల్ని, వదిలేశాను, వాటివల్ల పెద్ద తేడా రాదు.) రెండు ఓగర్లు నాలుగు రౌండ్లపాటు వాణ్నే కొడితే ఎనిమిది దాడులు, 10 పాయింట్ల పైచిలుకు మిగులుతాయి. అదే స్లాట్‌తో గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ వేసి ఉంటే 8 ముఖాల పాచిక ఒకటి, దానికి నా విజ్డమ్ (వివేకం) బోనస్ 3 కలిపి సగటున ఏడున్నర వచ్చేది. అంటే ఎనిమిది దాడులొస్తే కవచం నయం, నాలుగే వస్తే 5.2 కాబట్టి మందే నయం. 2024 రూల్స్‌లో క్యూర్ వూండ్స్‌కి రెండు పాచికలు ఇచ్చారు, సగటు 12 అయింది, కాబట్టి ఎనిమిది దాడులకి కూడా మందే గెలుస్తుంది. ఎన్ని దాడులొస్తాయన్నది మంత్రం పేజీలో రాసి ఉండదు, మీరే అంచనా వేసుకోవాలి. అంకె చూసి "ఇది బలమైన మంత్రం, ఇది బలహీనం" అని వాదించుకునేవాళ్లు సాధారణంగా వదిలేసేది ఇదే.

అదే ప్లస్ టూ, వేరే మనిషి

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది తడబడేది ఇక్కడే. బలహీనంగా ఉన్నవాడికి కవచం వెయ్యాలని మనసు లాగుతుంది. లెక్క వేరేలా చెప్తుంది.

మా చెల్లి విజార్డ్‌కి 22 హిట్ పాయింట్లు అనుకోండి. ఏసీ 12 మీద ఓగర్‌కి 15 ముఖాలు, దాడికి సగటున 9.75 పోతాయి, రెండు మూడు దాడులకి కింద పడుతుంది. ఏసీ 14 చేస్తే 8.45. ఇప్పుడు కూడా రెండు మూడు దాడులే, పెద్ద తేడా లేదు. మా ఫైటర్ తర్వాత డబ్బు కూడబెట్టి ప్లేట్ కవచం, డాలు కొన్నాడు, డిఫెన్స్ స్టైల్ (ఏసీ పెంచే ఫైటర్ నేర్పు) ముందే ఉంది, అన్నీ కలిపి ఏసీ 21. 44 పాయింట్లు అనుకుందాం. ఓగర్‌కి 6 ముఖాలే, దాడికి 3.9, పదకొండు దాడుల దాకా నిలబడతాడు. దాని మీద ప్లస్ టూ వేస్తే 4 ముఖాలు, దాడికి 2.6, దాదాపు పదిహేడు దాడులు. మిగిలేది ఇద్దరికీ దాడికి అదే 1.3, కానీ ఫైటర్‌కి ఆరు ముఖాల్లో రెండు పోయాయి, చెల్లికి పదిహేనులో రెండు. ఏసీ పెరిగేకొద్దీ తర్వాతి ప్లస్ వన్ విలువ కూడా పెరుగుతుంది. డీఎంలు ఈ మాట గోడ మీద రాసుకోవాలి, ఎందుకంటే ఒక్కొక్కటి చిన్నదే కదా అని నాలుగు వస్తువులు ఇచ్చాక అయిదోదానితో ఆ పాత్రని ఎవరూ ముట్టుకోలేని స్థితి వస్తుంది.

అయితే గోడ ఎత్తుగా ఉన్న ఇంటిని వదిలేసి దొంగ పక్కింట్లో దూరతాడు. శత్రువుకి కాస్త బుద్ధి ఉంటే 23 ఏసీ వాణ్ని రెండు రౌండ్లు కొట్టి చూసి విజార్డ్ వైపు తిరుగుతుంది. అప్పుడు ఆ పదిహేడు దాడులూ కాగితం మీదే. అందుకే మీ డీఎం రాక్షసుల్ని ఎలా ఆడిస్తాడో గమనించడం లెక్కలో భాగమే. మా బావ ఆకలిగా ఉన్న జంతువుల చేత దగ్గరున్న వాణ్ని కొట్టిస్తాడు, మనుషుల ముఠా అయితే నేరుగా క్లెరిక్‌నే వెతుక్కుంటుంది.

మరి చెల్లికి ఏం వెయ్యాలి? అదే మొదటి లెవెల్‌లో, అదే బోనస్ యాక్షన్‌తో (వంతులో అసలు పనికి అదనంగా చేసే చిన్న పని), శాంక్చువరీ ఉంది. ఆ రక్ష ఉన్నవాళ్ల మీద దాడి చెయ్యాలంటే శత్రువు ముందు విజ్డమ్ సేవ్ నెగ్గాలి, అంటే పాచిక వేసి తన విజ్డమ్ బోనస్ కలిపి ఒక అంకె చేరాలి. ఓగర్ విజ్డమ్ మైనస్ 2. నా డీసీ (అది చేరాల్సిన అంకె) 13, అంటే దానికి 15 పడాలి. ఆరు ముఖాలు గెలుపు, పద్నాలుగు ఓటమి. నూటికి డెబ్బై దాడులు ఆమె దాకా రానే రావు, షీల్డ్ ఆఫ్ ఫెయిత్ ఆమె విషయంలో ఆపేది పదిహేను తగిలే ముఖాల్లో రెండు. కాన్సెంట్రేషన్ (వేసినవాడు మంత్రాన్ని మనసులో పట్టుకునే ఉండటం) కూడా అక్కర్లేదు. చిక్కల్లా ఆమె ఎవరి మీదైనా దాడి చేసినా, శత్రువుకి తగిలే మంత్రం వేసినా రక్ష పోతుంది, పైగా సేవ్ ఓడిన ఓగర్ ఇంకొకరిని ఎంచుకోవచ్చు. అంటే దెబ్బ ఆగిపోవడం లేదు, దారి మళ్లుతోంది. ఎవరి మీదికి మళ్లుతుందో చూసుకుని వేస్తే మాత్రం ఆ స్థాయిలో ఇంతకు మించిన మంత్రం నాకు కనపడలేదు.

రెండు పాచికలు వేయించే మంత్రాలు

బ్లర్ లాంటివి ఏసీ పెంచవు, శత్రువు చేత రెండు పాచికలు వేయించి తక్కువది తీసుకునేలా చేస్తాయి. దీన్ని డిసడ్వాంటేజ్ అంటాం. తగిలే అవకాశాన్ని దానితోనే గుణించండి. సగం ఉన్నది పావు అవుతుంది. ఏసీ 16 మీద ఓగర్‌ది 55 శాతం, అది 30 అవుతుంది, అంటే ఏసీకి 5 కలిపినంత. విజార్డ్ మీద 75 కాస్తా 56 అవుతుంది, నాలుగు కలిపినట్టు కూడా కాదు. మధ్యలో ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది, అంచుల్లో తక్కువ.

మీలాంటి బొమ్మలు మూడు సృష్టించే మిర్రర్ ఇమేజ్ లెక్క ఇంకోలా ఉంటుంది. మూడు ప్రతిబింబాలు ఉన్నప్పుడు మీరు వేసే 20 ముఖాల పాచిక మీద 6 లేదా ఎక్కువ పడితే దాడి ప్రతిబింబం మీదికి పోతుంది, అంటే నాలుగింట మూడు వంతులు. రెండు మిగిలితే 8, ఒకటే ఉంటే 11 పడాలి. తగిలిన ప్రతిసారీ ఒక బొమ్మ పోతుంది కాబట్టి మొదటి రెండు మూడు దాడులకే దీని బలమంతా. ఒక్క పెద్ద రాక్షసుడైతే బంగారం. ఎనిమిది గాబ్లిన్లు చుట్టుముడితే ఒకే రౌండులో అద్దాలు పగిలిపోయాయనుకోండి. దీనికీ కాన్సెంట్రేషన్ అక్కర్లేదు, అందుకే బ్లర్ కంటే దీన్నే నేను ముందు పెడతాను.

దెబ్బ పడ్డాక వేసే షీల్డ్

విజార్డ్‌ల షీల్డ్ మంత్రం గురించి ఎవరిని అడిగినా "ప్లస్ ఫైవ్ కదా, అద్భుతం" అంటారు. నిజమే, కానీ దాని అసలు బలం ఆ అయిదులో లేదు, అది రియాక్షన్ కావడంలో ఉంది. దెబ్బ తగిలిందని తెలిశాకే వేస్తారు, కాబట్టి ఎవరూ కొట్టకపోతే స్లాట్ ఖర్చవదు. నా షీల్డ్ ఆఫ్ ఫెయిత్ లాగా ముందే డబ్బు కట్టేసి కూర్చోవడం ఉండదు.

మొన్నొక ఆదివారం, మధ్యలో మురీ మిక్చర్ పొట్లం, బావ వేసిన పాచిక దొర్లుకుంటూ వెళ్లి ఆ మరమరాల్లో దూరింది. ఉల్లిపాయ ముక్క తుడిచి చూస్తే 13. ఓగర్ +6 కలిపి 19. చెల్లి ఏసీ అప్పటికి పెరిగి 16. షీల్డ్ వేస్తే 21, దెబ్బ ఆగుతుంది. అదే పాచిక మీద 15 పడి ఉంటే మొత్తం 21, షీల్డ్ వేసినా తగిలేది, స్లాట్ కూడా పోయేది. ఏసీ 16 మీద తగిలే 11 ముఖాల్లో 10 నుంచి 14 దాకా అయిదింటినే షీల్డ్ ఆపగలదు, సగానికి కొంచెం తక్కువ. ఇక్కడే ఒక చిన్న విషయం మొత్తం కథ మార్చేస్తుంది: మీ డీఎం మొత్తం అంకె పైకి చెప్తాడా, "తగిలింది" అని ఊరుకుంటాడా? చెప్తే షీల్డ్ ఒక్కటీ వృథా పోదు. చెప్పకపోతే సగంసార్లకి పైగా ఆ దెబ్బ విషయంలో గాల్లోకే, అయితే మీ తర్వాతి వంతు దాకా ఆ ప్లస్ ఫైవ్ ఉంటుంది కాబట్టి ఇంకా దాడులు రావాల్సి ఉంటే పూర్తిగా నష్టం కాదు. మా బావ చెప్తాడు. మీ టేబుల్ దగ్గర ఏంటో పాత్ర తయారుచేసుకునే ముందే అడగండి, మధ్యలో అడిగితే గొడవ.

రక్ష పట్టుకున్నవాడికి ఎవరు రక్ష?

కాన్సెంట్రేషన్ అని రాసున్న మంత్రాలకి సగం మార్కులు తగ్గించి మొదలుపెట్టండి. ఒకసారికి ఒకటే పట్టుకోగలరు, అంటే షీల్డ్ ఆఫ్ ఫెయిత్ వేస్తే బ్లెస్ వదులుకున్నట్టే. బ్లెస్ ముగ్గురికి దాడుల్లోనూ సేవ్‌ల్లోనూ నాలుగు ముఖాల పాచిక కలుపుతుంది, సగటున 2.5. చాలా పోరాటాల్లో త్వరగా చంపడమే పెద్ద రక్షణ, చచ్చిన ఓగర్ దాడి సున్నా కదా.

రెండోది, మంత్రం వేసినవాడికి దెబ్బ తగిలినప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) సేవ్ వెయ్యాలి, డీసీ 10 లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది. నాది +2. ఓగర్ 13 కొడితే డీసీ 10, నాకు 8 పడాలి, ఓడిపోయే ముఖాలు ఏడు. అంటే నన్ను ఒక్కసారి కొడితే మూడింట ఒకసారి పైగా ఫైటర్ మీది కవచం ఊడిపోతుంది. కాబట్టి క్లెరిక్ స్తంభం వెనక నిలబడటం పిరికితనం కాదండీ, మంత్రాన్ని కాపాడుకోవడం.

డెత్ వార్డ్ నాకు ఇష్టం అందుకే. నాలుగో లెవెల్, ఎనిమిది గంటలు, కాన్సెంట్రేషన్ లేదు, మొదటిసారి సున్నాకి పడబోయినప్పుడు ఒక పాయింట్ దగ్గర ఆపుతుంది. పొద్దున వేసి మర్చిపోవచ్చు.

ఏ దిక్కు నుంచి వస్తుంది వాన?

బీచ్ రోడ్డులో వానాకాలం గొడుగు వేసుకుని నడిచినవాళ్లకి ఈ భాగం చెప్పక్కర్లేదు. తల పొడి, నడుం కింద తడి, గాలి అడ్డంగా కొడుతుంది. ఏసీ కూడా అంతే, దాడి పాచిక వేసే దెబ్బలకే గొడుగు. ఫైర్‌బాల్ మీ ఏసీ అడగదు, డెక్స్టెరిటీ సేవ్ అడుగుతుంది, ఓడితే సగటున 28, నెగ్గితే సగం. మా 21 ఏసీ ఫైటర్ చురుకుదనంలో సున్నా కాబట్టి ప్లేట్ కవచంలోనే వేగిపోయాడు. భారతంలో ద్రోణుడు మంత్రించి కట్టిన కవచం దుర్యోధనుడి ఒంటి మీద ఉన్నప్పుడు అర్జునుడి బాణాలు దిగలేదు, చివరికి కవచం లేని చేతుల మీద కొట్టి తరిమాడు. మీ డీఎం కూడా అదే చేస్తాడు.

మీ పాత్రకి నాలుగు దారులు చూసుకోండి: ఏసీ, సేవ్‌లు, దెబ్బ రకం, అసలు దెబ్బే లేకుండా కట్టిపడేసేవి. అయిదో ప్లస్ వన్ ఏసీ కంటే ఆరో లెవెల్ పాలడిన్ (ధర్మ యోధుడి పాత్ర) పక్కన నిలబడటం చాలాసార్లు మేలు, పది అడుగుల్లో ఉన్నవాళ్లందరి సేవ్‌లకి ఆయన కరిజ్మా (ఆకర్షణ) బోనస్ కలుస్తుంది.

దెబ్బని సగం చేసే రెసిస్టెన్స్ పెద్ద దెబ్బల మీద మంచిది, చిన్నవాటి మీద వృథా. కానీ ఏ రకమో ముందే తెలియాలి. ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎనర్జీ మూడో లెవెల్, కాన్సెంట్రేషన్, ఒక్క రకమే. నిప్పు అనుకుని వేసుకుంటే పిడుగు పడొచ్చు. అబ్జార్బ్ ఎలిమెంట్స్ మొదటి లెవెల్ రియాక్షన్, ఏది వచ్చిందో చూశాకే వేస్తారు. నిప్పు ఊదే ఎర్ర డ్రాగన్ గూటికి వెళ్తున్నామని తెలిస్తే మొదటిది, తెలియకపోతే రెండోది.

తాత్కాలిక హిట్ పాయింట్ల గురించి ఒకే మాట: కలవవు. రెండు చోట్ల నుంచి వస్తే ఏదో ఒకటే ఉంచుకోవాలి.

మాట మాట చదవండి

సింహాచలం క్యూలో నిలబడి మా బావ చెప్పిన పాఠం ఇది. హిరణ్యకశిపుడి వరం కంటే గట్టి రక్షణ మంత్రం ఎవరైనా రాశారా? మనిషి వద్దు, జంతువు వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు, లోపల వద్దు, బయట వద్దు. "ఆ ప్లేయర్ అన్నీ ఆలోచించాడురా, సంధ్యవేళ గడప మీద కూర్చునే డీఎం ఉంటాడని ఆలోచించలేదు" అన్నాడు బావ. వెనకాలున్న పెద్దావిడ మా వైపు అదోలా చూసింది.

నాకూ అయింది. బొర్రా గుహల్ని చూసి వచ్చిన ఊపులో బావ అలాంటి సున్నపురాయి గుహ ఒకటి తయారుచేశాడు. లోపల దొంగల ముఠా ఉంటే, పేరు చూసి ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్ అండ్ గుడ్ వేశాను. దొంగలు చెడ్డవాళ్లే కదా! ఆ మంత్రం చెడ్డతనాన్ని చూడదు, జాతిని చూస్తుంది: అబెరేషన్లు, సెలెస్టియల్స్, ఎలిమెంటల్స్, ఫే, ఫీండ్లు, చచ్చి లేచినవి. మామూలు మనుషుల మీద అది గాలి. అదే శ్మశానం అయితే పది నిమిషాలు ఒక్క జాంబీ కూడా సరిగ్గా కొట్టలేదు.

వార్డింగ్ బాండ్ కూడా చదివి వేసుకోవాల్సిందే. అవతలివాడికి ఏసీ, సేవ్‌లకి ప్లస్ వన్, అన్ని దెబ్బలూ సగం. పోయిన సగం ఎక్కడికి పోతుందంటే మంత్రం వేసిన మీ ఒంట్లోకి. పార్టీ మొత్తంగా తిన్న దెబ్బ దాదాపు తగ్గలేదు, పంచుకున్నారు. వాల్ ఆఫ్ ఫోర్స్ అనే కనపడని గోడని ఎవరూ విరగ్గొట్టలేరు, డిసింటిగ్రేట్ అనే మంత్రం మాత్రం ఒక్క దెబ్బకి లేపేస్తుంది, పైగా దాన్ని దాటి మీరూ పోలేరు.

వస్తువుల మీద రాసున్న అరుదుదనం చూసి బలం అనుకోకండి. క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ ఏసీకి, సేవ్‌లకి ప్లస్ వన్ ఇస్తుంది, అన్‌కామన్. రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ ఇచ్చేదీ సరిగ్గా అంతే, కానీ రేర్. రెండూ అట్యూన్‌మెంట్ (వస్తువుని మీ పాత్రకి ముడిపెట్టడం) అడుగుతాయి, ఆ చోట్లు మీకు మూడే. ధర పెద్దదని ఉంగరం కొన్న మా ఫ్రెండ్‌ని ఏమీ అనలేకపోయాం.

పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో ఆట) రెండో ఎడిషన్ ఆడేవాళ్లు పై లెక్కల్ని కొంచెం సవరించుకోవాలి. అందులో దాడి మొత్తం మీ ఏసీ కంటే 10 గానీ అంతకు మించి గానీ ఎక్కువైతే క్రిటికల్, కాబట్టి ఒక్క ప్లస్ వన్ మామూలు దెబ్బనీ ఆపుతుంది, కొన్నిసార్లు క్రిటికల్‌ని మామూలు దెబ్బగానూ దించుతుంది. ఒకే రకం బోనస్‌లు రెండు కలవవు, ఆ రకం పేరు ముందు చూసుకోండి.

ఇక ఇంట్లో చెయ్యాల్సింది. ఒక పాత నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి రక్షణ మంత్రానికి రెండు గడులు గియ్యండి, స్లాట్ వాడితే ఒకదాంట్లో గీత, ఆ మంత్రం లేకపోతే తగిలుండేది అనిపించే దెబ్బ ఆగితే రెండోదాంట్లో గీత. డీఎం సాయం కావాలి, బావని అడిగితే ఆట అయ్యాక టీ తాగుతూ చెప్తాడు. నా దాంట్లో షీల్డ్ ఆఫ్ ఫెయిత్‌కి ఏడు గీతలకి నాలుగు ఉన్నాయి, శాంక్చువరీకి అయిదుకి తొమ్మిది. క్లెరిక్‌లు లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర లాంటి విశ్రాంతి) అయ్యాక మంత్రాల జాబితా ఎలాగూ మార్చుకోవచ్చు కదా, నాలుగైదు ఆదివారాల గీతలు చూసుకుని అప్పుడు మార్చండి, ఒక్క ఆట చూసి కాదు. నేను షీల్డ్ ఆఫ్ ఫెయిత్ తీసేశాను, మా ఫైటర్ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.